నీలి నీళ్ల పరీక్ష

మొదటి బకెట్టుతో ఆగి ఉంటే సరిపోయేది కదా, ఆమె రెండోది ఎందుకు పోసింది? ఇన్నేళ్లయినా ఈ ప్రశ్నకు ఆమె అక్కకు జవాబు దొరకలేదు.

కొత్త ఇళ్లను తనిఖీ చేసే ఉద్యోగం ఆమెది. డాబా మీద పడ్డ వాన చుక్క పైపులోంచి పెరట్లోని ఇంకుడు గుంతలోకే దిగాలి. లేకపోతే ఆ ఇంట్లో కాపురం పెట్టడానికి అనుమతి లేదు. మిగతావాళ్లు గుంత చూసి సంతకం పెట్టేవారు. ఆమె మాత్రం నీళ్లలో నీలిరంగు కలిపి డాబా మీద పోసి, కిందికి దిగి గుంతలోకి తొంగిచూసేది. మేస్త్రీలు బకెట్టమ్మ అని పేరు పెట్టారు. పన్నెండేళ్లలో ఆమెకు గుక్కెడు మంచినీళ్లిచ్చిన మేస్త్రీ లేడు.

ఆ రోజు తనిఖీ సొంత అక్క ఇంటికి. "వచ్చేది మా చెల్లెలేగా" అన్న ధీమాతో అక్క అద్దె ఇల్లు ఖాళీ చేసి, సామాను లారీతో సహా గుమ్మం ముందు దిగింది.

బకెట్టు పోసి వచ్చి చూస్తే గుంత పొడిగా ఉంది.

"కొత్త పైపు కదా మేడమ్, దాహమేసి తాగేసుంటుంది," అన్నాడు మేస్త్రీ.

బావ నవ్వాడు. ఆమె నవ్వలేదు. మళ్లీ డాబా ఎక్కింది. మెట్టుమెట్టుకూ అక్క చూపు వీపుకు గుచ్చుకుంటూనే ఉంది.

రెండో బకెట్టు పోసి దిగి, ఈసారి గుంత దగ్గర ఆగకుండా నేరుగా వీధిలోకి వెళ్లింది. కాలువలో నీలం పారుతోంది. గోడకు పూత అయ్యాక గుంత తవ్వారు. మళ్లీ గోడ పగలగొట్టడం ఎందుకని పైపును కాలువలోకే వదిలేసి, గుంతలో ఒక ముక్క పైపు గుచ్చారు. పైన పటారం, లోన లొటారం. ఆమె తనిఖీ కాగితం మీద 'అనుమతి లేదు' అని రాసింది.

"ఊళ్లో ఇన్ని దొంగ గుంతలుంటే నీకు మా ఇల్లే దొరికిందా, అమ్మాయ్?" అన్నాడు బావ.

"దొరికినవాటన్నిటికీ ఇదే రాశాను బావా. గోడ కొట్టించి పైపు మార్పించండి. వారం పని."

"వారం రోజులు ఈ మంచాలెక్కడ వేసుకోను, నీ నెత్తిమీదా?" అంది అక్క. "చెయ్యి పట్టుకుని బడికి నడిపించినదాన్ని. ఒక్క సంతకం పెడితే నీ చెయ్యి అరిగిపోతుందా?"

"పెట్టానక్కా. కాగితం చదువుకో."

"చదివేదేముంది? నీలాంటి చెల్లెలుంటే వేరే శత్రువు దేనికి? ఇంకెప్పుడూ మా గడప తొక్కకు."

"గడపకింకా అనుమతి రాలేదుగా," అన్నాడు మేస్త్రీ, నోరాగక. ఎవరూ నవ్వలేదు.

బావ కాగితం అందుకోలేదు. ఆమె దాన్ని కిటికీ అంచున ఉంచి, ఇటుక ముక్క బరువు పెట్టింది.

"సామాను దించమంటారా, బండి తిప్పమంటారా?" లారీ డ్రైవరు ఎవరి మొహమూ చూడకుండా అడిగాడు. అక్క పరుపు చుట్ట మీద కూలబడి అటు తిరిగింది.

లారీకీ గోడకీ మధ్య సందులోంచి చెల్లెలు ఒళ్లు పక్కకు తిప్పుకుని, వెళ్లొస్తాననకుండానే వీధిలోకి నడిచింది.