మాట తెగని నడక

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలో ఎవరికి జలుబు చేసినా, రెండో రోజుకి అది నాకు అంటుకునేది. ఏడో తరగతిలో నేను బడిలో కంటే దవాఖానలోనే ఎక్కువ కనిపించాను. ఇంకా ఇలాగే మానేస్తే పబ్లిక్ పరీక్షకు పంపనని పెద్ద పంతులమ్మ తేల్చి చెప్పింది. మా ఇంట్లో అప్పటిదాకా ఆ పరీక్ష రాసిన ఆడపిల్ల లేదు. రాసి తీరాలని నేను మొండికెత్తాను.

పరుగెత్తితే ఒళ్లు గట్టిపడుతుందని ఎవరో అనగా విని, పొద్దున్నే గోదావరి దిక్కు పరుగు మొదలుపెట్టాను. కళ్లు బైర్లు కమ్మేదాకా ఉరకడం, ఇంటికొచ్చి కూలబడటం. వారం తిరక్కుండానే జ్వరంతో మంచమెక్కాను. ఏడుపు కన్నా నా ఒంటి మీద నాకే కోపం ఎక్కువొచ్చింది.

పక్కింటి కాక బొగ్గుబావిలో పాత కార్మికుడు. నాకు జ్వరం తగ్గాక వచ్చి, ఉరుకుడు బందు పెట్టమన్నాడు. "నాకు సదువు రాదు బిడ్డా. నా డ్యూటీ అయినంక నాతోని నడువు. నడుసుకుంట నీ పాఠాలు చెప్పు, నేనూ నేర్సుకుంట" అన్నాడు.

రోజూ సాయంత్రం నడిచాం. హుషారులో నేను అడుగు పెంచితే మాట మధ్యలో తెగేది. కాక వెంటనే సమజ్ కాలేదనీ, నిమ్మళంగా మళ్లీ చెప్పమనీ అడిగేవాడు. అబ్బ, ఈయనకు ఎన్నిసార్లు చెప్పాలని లోలోపల విసుక్కునేదాన్ని. కొన్ని నెలలకు జలుబులు పూర్తిగా పోలేదు గానీ, వచ్చినవి తొందరగా తగ్గేవి. బడి మానడం తగ్గింది. పంతులమ్మ నన్ను పరీక్షకు పంపింది.

చివరి పరీక్ష రాసి వచ్చి, నువ్వూ రాయాల్సింది కాకా అని ఆటపట్టించాను.

"పాఠం నాకేం సమజ్ అయితది బిడ్డా. నేను ఇన్నది నీ ఊపిరి" అన్నాడు.

బావిలోంచి ఏటవాలు దారిన నడిచి పైకి వచ్చేటప్పుడు, కొత్తవాళ్లతో పాతవాళ్లు ముచ్చట పెట్టించేవారట. ఊపిరి అందక వాళ్ల మాట తెగితే అందరూ అడుగు తగ్గించేవారట. నాకు సిగ్గుతో తల వంగిపోయింది.

ఓపికకు తగ్గ నడక రోగంతో పోరాడే బలాన్నిస్తుందనీ, శక్తికి మించి అలిసిపోతే ఆ బలమే సన్నగిల్లవచ్చనీ మా డాక్టరమ్మ ఇప్పుడు చెబుతుంది. డెబ్బై దాటినా నేను ఒక్కరోజూ నడక మానలేదు. తరచూ జలుబుతో నీరసపడే మా కోడలిని కూడా పట్టుబట్టి తీసుకెళుతున్నాను. ఫోను వాడటం నాకు నడకలో నేర్పమని అడిగాను. చెబుతూ చెబుతూ అడుగు పెంచుతుంది, మాట తెగుతుంది. అర్థం కాలేదు, నిమ్మళంగా మళ్లీ చెప్పమంటాను.

ఫోను వాడటం నాకు బాగానే వచ్చు.