గంగవరం బండ మీద తూర్పు పడమరలు

గంగవరం దగ్గర రాతి పొరల దిశ కొలిచిన రోజున మా వెంట జీపు లేదు. ఈ ఒక్క మాటను చెప్పవలసిన చోట నేను చెప్పలేదు.

పదేళ్ల కిందట, వానలు వెనకపట్టాక మొదలయ్యే ఫీల్డు సీజనులో నన్ను మదనపల్లె క్యాంపుకు వేశారు. అప్పుడు నేను ఒక సర్వే సంస్థలో సీనియర్ జియాలజిస్టును. నా కింద జియాలజిస్టుగా ఎస్తేరు పనిచేసేది. ఆమెది మదనపల్లే. తల్లి మిషన్ ఆస్పత్రిలో నర్సు.

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా కనిపించే రాళ్లు ఒకప్పటి పర్వతాల వేళ్లని, ఆ పర్వతాల వరుస చీలి మధ్యలోకి సముద్రం వచ్చిందని, మిగతా సగం మడగాస్కర్ దీవిలో ఉందని మా డైరెక్టర్ సిద్ధాంతం. దాన్ని నిరూపించడానికి రాళ్ల రకం, వయసు కలిస్తే చాలదు. పొరలు సాగే దిశ కూడా కలవాలి. ఈ దిశను మేము స్ట్రైకు అంటాం. చిరిగిన చీర ముక్కలు రెండూ దగ్గర పెడితే చారలు కలవాలి గదా, అలాగన్నమాట. మా వైపు చార ఉత్తరం నుంచి దక్షిణానికి నేరుగా పోతేనే ఆయన పటంలో అవతలి చారతో కలుస్తుంది.

చాలాచోట్ల అలాగే పోయింది. గంగవరం దగ్గర పోలేదు.

ఆ రోజు జీపు క్లచ్చు పోయి పుంగనూరు షెడ్డులో ఉంది. మేమిద్దరం బస్సులో పలమనేరు దాకా వెళ్లి, అక్కడి నుంచి ఆటో ఎక్కాం. మేము చూడవలసిన బండ మీద ఒకావిడ రాగులు ఆరబోసి ఉంది.

"తొక్కొద్దండప్పా! యాలప్పా ఆ రాయిని అట్ల సూస్తాండారు? బంగారమేమన్నా ఉండాదా?" అంది.

"బంగారం లేదమ్మా. దీని తోడబుట్టింది సముద్రం అవతల ఉండాదంట. పోలికలు సూస్తాండాము" అంది ఎస్తేరు.

"తోడబుట్టిందా! వచ్చి భాగమడగదు గదా?"

"అడగదులేమ్మా. దానికి ఆడ సానా ఉండాది."

ఆవిడ నవ్వి రాగులు ఒక పక్కకు ఊడ్చింది. ఎస్తేరు కంపాస్ పెట్టింది. పొరలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. దగ్గరలో ఇనుముంటే అది ముల్లును పక్కకు లాగుతుంది. రాతిలోనే ఇనుముండవచ్చు. అందుకని మా పద్ధతి ప్రకారం నేను నా కంపాసుతో దూరంగా నిలబడి, బండ రెండు చివరల నుంచీ మళ్లీ కొలిచాను. అదే దిశ వచ్చింది.

"ఈడ చార మలుపు తిరిగింది సార్. డైరెక్టర్ గారికి బాగుండదు" అంది ఎస్తేరు.

బాగుండలేదు. సీజను చివర కార్యాలయంలో సమీక్ష జరిగింది. ఎస్తేరు తన పటం గోడకు తగిలించి, మలుపు చూపించి, అక్కడ మన సిద్ధాంతం నిలవదని చెప్పింది. డైరెక్టర్ తాపీగా కళ్లజోడు తుడుచుకున్నారు.

"కంపాస్ జీపు బానెట్ మీద పెట్టి కొలిచావేమో చూసుకోమ్మా" అన్నారు.

గదంతా నవ్వింది. నేనూ కొంచెం నవ్వాను.

"జీపు ఆ పొద్దు మా వెంట లేదు సార్" అంది ఎస్తేరు.

డైరెక్టర్ నా వైపు తిరిగి ఏమంటావని అడిగారు. "మళ్లీ చూడాలి సార్" అన్నాను. మా కార్యాలయంలో ఆ మాటకు పటంలోంచి తీసేయమని అర్థం. అది అక్కడున్న అందరికీ తెలుసు. ఆ సిద్ధాంతం మీద అచ్చవబోయే వ్యాసంలో ఆయన తర్వాత రెండో పేరు నాది. నా పదోన్నతి ఫైలు ఆయన బల్ల మీద ఉంది.

వ్యాసం అచ్చయింది. చార నేరుగా పోయింది. ఎస్తేరును మ్యాపింగు నుంచి తప్పించి శాంపిళ్ల గదికి మార్చారు. తర్వాత ఆమెకు ఎవరూ ఫీల్డు పని ఇవ్వలేదు. జీపు మీద కంపాస్ పెట్టిన మనిషని కొత్తగా చేరినవాళ్లు కూడా అనుకునేవారు. కొన్నాళ్లకు ఆమె రాజీనామా చేసి మదనపల్లెలో స్కూలు టీచరుగా చేరింది. నాకు పదోన్నతి వచ్చింది.

నిరుడు నేను స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. అంతకు కొద్ది ముందు వేరే బృందం అదే ప్రాంతంలో తిరిగి, గంగవరం దగ్గర మలుపు ఉందని ప్రకటించింది. వాళ్లకు ఎస్తేరు పేరు తెలియదు. మా వ్యాసం వేసిన పత్రికకు సవరణ రాసి పంపి, మదనపల్లె వెళ్లాను. స్కూలు వరండాలో నిలబడే సంగతంతా చెప్పాను.

ఆమె చేతికంటిన సుద్దపొడి దులుపుకుంది. "ఇదంతా నాకు తెలిసిందే గదా సార్. నేనూ ఆడే ఉంటి. తెలీనోళ్లకి చెప్పండి" అని క్లాసులోకి వెళ్లిపోయింది.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. పటం మీద కొలిచినవారి పేరుతోపాటు సరిచూసినవారి పేరు కూడా రాయించండి. అప్పుడు రెండోవాడికి తప్పించుకునే వీలుండదు.

మా పాత ఉద్యోగులు ఏడాదికొకసారి కలుస్తారు. ఈసారి ఎస్తేరును కూడా రమ్మని ఫోన్ చేశాను. ఆమె సరే అనలేదు గానీ వచ్చింది, తలుపు పక్కన కూర్చుంది. డైరెక్టర్ ముందు వరసలో ఉన్నారు. ఆనాడు నవ్విన వాళ్లలో చాలామంది ఉన్నారు. మైకు తీసుకుని నిలబడ్డాను.

"గంగవరం కొలత సరైనదే. ఆ రోజు మా వెంట జీపు లేదు. నేనూ స్వయంగా కొలిచి చూశాను. నన్ను అడిగినప్పుడు చెప్పకుండా దాచాను. ఎస్తేరు గారూ, మీ పని పోయింది నా వల్ల. నన్ను క్షమించండి."