ఉత్పలమాల ఎక్కిన బస్సు

నిన్న రేపల్లె నుంచి తెనాలి బస్సుని సగం దూరం నేనే నడిపానండి. నాకు డ్రైవింగ్ రాదు. అదే చెప్తున్నా, వినండి!

తెనాలిలో మా తెలుగు మాస్టారికి ఎనభయ్యో పుట్టినరోజు. మాకు బాపట్లలో పదో తరగతి చెప్పారాయన. పాత స్టూడెంట్లందరం కలుస్తున్నాం, తలా ఒక పద్యం చదవాలని మెసేజ్ వచ్చింది. ఆ ఏడాదంతా అందరికీ ఎప్పుడో ఒకప్పుడు "బాగుందమ్మా" అన్నారు, నాకొక్కదానికే అనలేదు. ఈసారైనా అనిపించుకోవాలి! వారం కూర్చుని ఉత్పలమాల రాశాను.

గణాలు బస్సులో సరిచూసుకుందామనుకున్నా. మాస్టారు నేర్పిన పద్ధతి ఒకటే, బల్ల మీద కొట్టడం. పొట్టిగా పలికేది లఘువు, దానికి వేలితో చిన్న టక్. బరువుగా పలికేది గురువు, దానికి పిడికిలితో దబ్! నలభై మందిమి ఒకేసారి కొడుతుంటే పక్క క్లాసు లెక్కల సార్ తల పట్టుకుని వచ్చేవారు. అబ్బ, ఏం రోజులండీ అవి! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

నాది ముందు ఆడవాళ్ళ సీటు, ఎదురుగా డ్రైవర్ వెనక రేకు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టా. ముందు భగణం, ఒకటే గురువు. దబ్! బస్సు ఆగింది. ఎవరో దిగుతున్నారనుకున్నా. తర్వాత రగణం, రెండు గురువులు. దబ్, దబ్! బస్సు కదిలింది. నగణం మూడూ లఘువులే, వేలితో సరిపోయింది. మళ్ళీ భగణం. దబ్! మళ్ళీ ఆగింది.

"ఎవరయ్యా దిగేది?" డ్రైవర్ అరిచాడు.

"నేను కొట్టలేదన్నా!" వెనకనుంచి కండక్టర్.

ఒక దెబ్బ ఆపమని, రెండు దెబ్బలు పొమ్మని వాళ్ళ లెక్క. నా లోకంలో నేనున్నా, నాకేం తెలుసు! భట్టిప్రోలు దాటేసరికి మూడు పాదాలు అయ్యాయి, జనం ఓపికా అయిపోయింది. పక్కావిడ నా చెయ్యి పట్టేసుకుంది. "ఈవిడే అన్నయ్యా, కొడుతోంది!"

కండక్టర్ వచ్చాడు. "ఏంటమ్మా ఇది?"

"గణవిభజన బాబూ."

"అదేదో తెనాలిలో దిగాక చేసుకోండమ్మా, మీకు పుణ్యముంటుంది!"

హాలుకి చేరేసరికి అరగంట లేటు. మాస్టారు బాగా చిక్కిపోయారు. "రామ్మా, చదువు" అన్నారు. చదివా. ఆయన కళ్ళు మూసుకుని కుర్చీ చేతి మీద కొడుతున్నారు. మూడు పాదాలు గడిచాయి. నాలుగోదాంట్లో పిడికిలి గాల్లోనే ఆగిపోయింది.

"నగణం ఉండాల్సిన చోట గురువు పడిందమ్మా. సరిచేసి, వచ్చే ఆదివారానికి పదిసార్లు రాసుకురా."

యాభై ఆరేళ్ళ మనిషికి ఇంపోజిషన్! హాలంతా గొల్లుమంది. నాకేమో కళ్ళనీళ్ళు ఆగలేదు, సంతోషంతోనే. ఆయన ఇంకా నామీద ఆశ వదులుకోలేదు కదా!

ఇవాళ పొద్దున్నే రాయడానికి కూర్చున్నా. తొమ్మిదోసారి రాస్తూ చూసుకుంటే ఏముంది, ఆ గురువుని తప్పించే హడావిడిలో యతి ఎగరగొట్టేశాను. ఎనిమిదింట్లోనూ!