మూడోసారి అడగని ఊరు

ప్రయాణమన్నాక ముందుగా కాగితం మీద ఏర్పాటు జరగనిదే గడప దాటే అలవాటు నాకు లేదు. మా ఆవిడ చిరకాలంగా హైదరాబాదు చూడాలంటూ ఉండగా, నిరుడు చలికాలంలో, పింఛనుకు లోబడి రెండు రోజుల యాత్ర ఖరారు చేశాను. బస్సు ఛార్జీ, లాడ్జి అద్దె తగ్గించడం నా చేతిలో లేదు. మిగిలింది భోజనం. నగరంలో స్థిరపడిన మనవాళ్ళు ఉండగా ఆ ఖర్చు అనవసరమని తీర్మానించి, మొదటి రోజు ఉదయం టిఫిను మా ఆవిడ పినతల్లి కొడుకు ఇంట్లో, మధ్యాహ్న భోజనం నా పాత సహోద్యోగి కుమార్తె ఇంట్లో అని వ్రాసుకున్నాను. దీన్ని పిసినారితనం అనుకోనక్కరలేదు. ఇంటికొక పూతరేకుల డబ్బా కట్టించి తీసుకువెళ్ళాము.

ఈ ఏర్పాటంతా ఒక్క మర్యాద మీద ఆధారపడి ఉంది. మా కోనసీమలో “భోంచేసేరా?” అని అడిగితే, కడుపు కాలుతున్నా సరే, “ఆయ్, అయిందండి” అనాలి. అది సమాచారం కాదు, సంస్కారం. గృహస్థు రెండోసారి అడుగుతాడు. “ఎందుకండీ శ్రమ” అనాలి. మూడోసారి అడగడు. మణికట్టు పట్టుకుని విస్తరి ముందు కూర్చోబెడతాడు. ఇందులో ఎవరూ ఎవరినీ మోసగించినట్టు కాదు.

లాడ్జిలో మా ఆవిడ షుగరు మాత్ర వేసుకుంది. ఎనిమిదిన్నరకు ఆమె తమ్ముడి ఫ్లాటుకు చేరాము.

“రండి బావగారూ, రా అక్కా! టిఫిన్లయ్యేయా?”

“ఆయ్, అయ్యేయండి.”

“మంచిపని చేసేరు. పొద్దున్నే ఇక్కడ మా ఇద్దరికీ ఊపిరాడదనుకోండి.”

రెండో ప్రశ్న కోసం ఎదురుచూశాను. రాలేదు. దానికి దారి చూపే ఉద్దేశంతో, “మీ ఇంట్లో ఇడ్లీ బాగుంటుందని మీ అక్క చెబుతూ ఉంటుంది” అన్నాను.

“ఎక్కడండీ బావగారూ! డాక్టరు మానేయమన్నాడు. ఇప్పుడన్నీ ఓట్సే.”

పూతరేకుల డబ్బా వాసన చూసి, ఆనందంగా ఫ్రిజ్జులో పెట్టుకున్నాడు. రాజోలులో పుట్టి పెరిగినవాడు. వాడి మణికట్టు నేనెన్నిసార్లు పట్టుకున్నానో! ఇరవై ఏళ్ళ నగరవాసం అతనికి రెండో ప్రశ్నను మరిపించింది.

వీధి మలుపులో టిఫిను బండి దగ్గర మా ఆవిడ ఆగింది. “ఏమండీ, రెండిడ్లీ తిందాం. మాత్ర వేసుకున్నాను కదా.”

పదిగంటలకు ఇడ్లీ తింటే పదకొండున్నరకు భోజనం సహించదనీ, అది వడ్డించేవారిని అవమానించడమనీ వివరించాను. ఆ మాటలన్నది నేనే కనుక ఇక్కడ వ్రాయక తప్పదు.

సిటీ బస్సు నడిచిన సేపు కంటే ఆగిన సేపే ఎక్కువ. ఆ చలిలో ఆమె నుదుట చెమట పట్టింది. “ఈ డబ్బాలోంచి ఓ పూతరేకు తీసుకోనా?” అని అడిగింది. కట్టు విప్పిన డబ్బా ఒకరి చేతికి ఎలా ఇస్తామన్నాను. ఆమె ముడి మీంచి చెయ్యి తీసేసింది. ఒడిలో డబ్బా వణుకుతోంది. బస్సు కుదుపనుకున్నాను. బస్సు సిగ్నలు దగ్గర ఆగింది. డబ్బా ఆగలేదు.

అప్పుడు నాకు భయం వేసింది. దారం ముడి విప్పబోతుండగా మా స్టాపు వచ్చింది. ఎదురుగానే నా సహోద్యోగి కుమార్తె ఇల్లు. ఆమె చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను.

తలుపు తీసిన అమ్మాయి నవ్వుతూ, “రండి మావయ్యగారూ! భోజనాలయ్యేయా?” అంది.

“ఆయ్, అయ్యేయమ్మా.” నా నోరు నా అనుమతి కోసం ఆగలేదు.

నలభై ఏళ్ళుగా నలుగురిలో నా మాట కాదనని మా ఆవిడ గుమ్మం పట్టుకుని అంది: “ఆయనకయ్యుంటాయి. నాకు రాత్రి నించీ ఏమీ లేదు. షుగరు మాత్రొకటి వేసుకుని వచ్చేను. ముందు పంచదార నీళ్ళియ్యమ్మా, తరవాత అన్నం పెట్టు.”

అమ్మాయి పరిగెత్తింది. పంచదార నీళ్ళు తాగాక కాసేపటికి ఆమె చేతులు కుదుటపడ్డాయి. కంచం వచ్చింది. పప్పు, ఆవకాయ, పెరుగు. ఒక్క కంచమే. నేను ఎదురు కుర్చీలో ఉన్నాను.

“మీకయిందన్నారు కదండీ, టీ పెట్టనా?”

“ఎందుకమ్మా శ్రమ.”

“సరేనండి.”

నిజంగానే వెళ్ళిపోబోయింది. మా ఆవిడ పప్పు కలుపుతూ, “ఆయనకీ కంచం పెట్టమ్మా. మూడోసారి అడిగితేగాని ఆయన నోట్లోంచి నిజం రాదు” అంది.

అమ్మాయి నడుం పట్టుకుని నవ్వింది. “అయ్యో అత్తయ్యా! కొత్తకోడలిగా ఈ ఊరొచ్చినప్పుడు నేనూ ఇలాగే అయిందండీ, అయిందండీ అంటూ రెండు పూటలు పస్తున్నాను. ఒక్కళ్ళూ మళ్ళీ అడగలేదు. అప్పట్నించీ ఎవరేం చెప్తే అదే నమ్మేస్తన్నాను.”

తిన్నాను. మారు వడ్డించబోతే “చాలమ్మా” అన్నాను. గరిటె అక్కడే ఆగిపోయింది.

సెలవు తీసుకుంటుంటే, “రాత్రికీ ఇక్కడికే వచ్చెయ్యండి” అంది అమ్మాయి. శ్రమ సంగతి ప్రస్తావించడానికి నేను గొంతు సవరించుకునేలోగా, మా ఆవిడ చెప్పుల్లో కాలు పెడుతూ అనేసింది:

“ఆయ్, వస్తాం. ఎనిమిదికల్లా ఇక్కడుంటాం. వంకాయ మాత్రం వద్దమ్మా, ఆయనకి పడదు.”