మూడో నంబరు ఫోను

స్టోర్స్ బాబాయి పరీక్షించకుండా ఏ వస్తువునీ నమ్మరు. ఆయన సామాన్ల గది చూసే పంపుల కంపెనీకి కొత్త కుర్చీ వస్తే, మూడు రోజులు ఆయన కూర్చుని, లేచి, మళ్లీ కూర్చున్నాకే అది ఇంకొకరికి దక్కుతుంది. ఓసారి గొడుగులు తెప్పించి వాన పడేదాకా ఎవరికీ ఇవ్వలేదు. పడ్డాక ఒక్కో గొడుగూ వేసుకుని ఆవరణంతా చుట్టి వచ్చేసరికి వాన వెలిసింది.

అలాంటి మనిషికి మేనేజరు ఓ పని అప్పజెప్పారు. ఉద్యోగులకి ఇవ్వడానికి, ఆఫీసు మెయిళ్లూ, మీటింగుల క్యాలెండరూ ఎక్కడున్నా కనిపించే ఫోను ఒకటి ఎంచాలి. నమూనాకి మూడు రకాలు వచ్చాయి. ఈ సంగతి తెలిసి అక్కడ పంపుల నమూనాలు గీసే డిజైనరు నెత్తిన చేతులు పెట్టుకుంది.

ఆమె బాధ ఆమెది. కూతురి కాలు విరిగి అతుక్కున్నాక, వారానికి మూడు మధ్యాహ్నాలు అనుమతి తీసుకుని ఆసుపత్రిలో వ్యాయామం చేయించుకు రావాలి. ఆ గది నేల కింది అంతస్తులో ఉంది. అక్కడ ఆమె పాత ఫోనుకి సిగ్నలు అందక ఊపిరాడదు. మేనేజరేమో మీటింగు వేళల్ని చొక్కాలు మార్చినట్టు మారుస్తారు. అలా రెండు మీటింగులు తప్పాయి. మూడోది కూడా తప్పితే, రెండేళ్లుగా ఆమె గీస్తున్న కొత్త పంపు పని ఇంకొకరికి ఇచ్చేస్తానని ఆయన ముఖం మీదే చెప్పేశారు.

“బాబాయ్, ఫోన్ల సంగతేమైంది?”

“జరుగుతోందమ్మా. పదకొండింటికి మీటింగుంది.”

“ఎవరితో?”

“నాతోనే. నాకు నేనే పిలుపు పంపుకున్నా.”

నిజంగానే పదకొండింటికి ఆయన మీటింగు గదిలో ఒక్కరే కొలువుదీరారు. ఆమె తలుపు తోసింది.

“ఇంకా ఎంతసేపు బాబాయ్?”

“అయిపోయింది. ఎల్లుండికి వాయిదా వేశా. ఆ సంగతి ఏ ఫోను ముందు చెబుతుందో చూడాలి.”

“వేసింది మీరేగా, మీకు తెలుసుగా!”

“నాకు తెలుసు. ఫోనుకి తెలియాలిగా!”

ఇలా ఐదు వారాలు గడిచాయి. మధ్యలో కొన్ని మధ్యాహ్నాలు మూడు ఫోన్లూ సంచిలో వేసుకుని మాయమయ్యేవారు. ఎక్కడికంటే “పరీక్షకి” అనేవారు. ఆమె ఓపిక నశించింది.

“మీ పరీక్షలు అయ్యేలోపు నా పని పోతుంది! ఏదో ఒకటి ఇచ్చేయండి బాబాయ్!”

ఆయన నొచ్చుకోలేదు. “ఏదో ఒకటి నీకు పనికిరాదు తల్లీ. ఒక్కరోజు ఆగు.”

మర్నాడు పాపతో ఆసుపత్రి మెట్లు దిగిన ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. చాప మీద బాబాయి వెల్లకిలా పడుకుని కుడికాలు పైకెత్తి ఉన్నారు. పొట్ట మీద మూడు ఫోన్లు.

“మీకేమైంది?”

వ్యాయామం చేయించే ఆవిడ అందుకుంది. “ఏమీ కాలేదండీ. పేషెంట్లూ, వాళ్ల మనుషులూ తప్ప లోపలికి ఎవరూ రాకూడదన్నాను. వెంటనే మోకాలు నొప్పని చీటీ రాయించుకొచ్చారు. మీరు రాని రోజుల్లో వచ్చి నెల్లాళ్లుగా కాళ్లెత్తుతున్నారు. ఆ మోకాళ్లు నావాటికన్నా గట్టివి!”

“మొదటి రెండూ ఇక్కడ మూగవే తల్లీ,” అన్నారు బాబాయి కాలు దించకుండానే. “మూడోది పైనున్న ఈ గాలి కిటికీ కింద పలుకుతోంది. ఈవిడని బతిమాలి పాప చాప ఇటు వేయించా. నీ మెయిల్ ఇందులో పెట్టుకో.”

పెట్టుకుని పది నిమిషాలైనా కాలేదు, ఫోను మోగింది. నాలుగింటి మీటింగు మూడింటికి మారింది. అప్పుడు రెండున్నర. పాప వ్యాయామం సగమే అయింది.

“నువ్వు పరిగెత్తు. మిగతాది నేను చేయిస్తా. ఏ కాలు ఎన్నిసార్లో నాకు కంఠతా వచ్చు. అయ్యాక పాపని ఆఫీసుకి తీసుకొస్తా.”

విసుక్కున్న మాటలన్నీ గుర్తొచ్చి ఆమె చేతులు జోడించింది. “బాబాయ్, మీకెలా చెప్పాలో...”

“మీటింగయ్యాక చెబుదువుగాని, ముందు వెళ్లు!”

మెట్లెక్కుతుంటే వెనక పాప గొంతు వినిపించింది. “తాతా, మోకాలు వంచకూడదు! మళ్లీ మొదట్నుంచి!”

“సరేనమ్మా,” అన్నారు బాబాయి బుద్ధిగా.

ఆ రోజు మీటింగు గదిలోకి అందరికన్నా ముందు వచ్చింది ఆమే. మేనేజరు గడియారం చూసి, ఆమె చేతిలోని ఫోను చూసి, “మూడో నంబరా? బాబాయి సరిగ్గా పరీక్షించారంటారా?” అని అడిగారు.

“రెండు కాళ్లూ పైకెత్తి మరీ పరీక్షించారు సార్,” అంది ఆమె కళ్లు తుడుచుకుని నవ్వుతూ.