బల్ల దగ్గర ఎంగిలి

మా ఊరి గుడికి పాదిరి దొరగారు కాలువ మీద పడవలో ఏడాదికి మూడు నాలుగు సార్లే వచ్చేవారు. ఆయన వచ్చిన ఆదివారమే ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన. అందరికీ ఒకటే గిన్నె. వరుసగా మోకరించిన వాళ్ళకు ఆయన దాన్ని అందిస్తే, ఒక గుక్క తాగి తిరిగి ఇవ్వాలి.

ఆ ఏడాది కోతల తరువాత జరిగిన బల్లలో మా అమ్మకు ముందు, చెప్పులు కుట్టేవాళ్ళ వాడ నుంచి కొత్తగా బాప్తిస్మం పొందిన ఒకావిడ మోకరించింది. మేము నేతపని వాళ్ళం, తాత కాలంలోనే మతంలో కలిసినవాళ్ళం. ఆవిడ తాగి ఇచ్చిన గిన్నెను అమ్మ పెదవికి తగలనీయకుండా పైకెత్తి, మంచినీళ్ళు పోసుకున్నట్టు నోట్లో పోసుకుంది. సగం ద్రాక్షారసం మెడ మీదుగా తెల్లచీర మీద పడింది. దొరగారు అది తడబాటు అనుకుని చిరునవ్వు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆఖరి పాట కాకుండానే లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ గుడికి రాలేదు.

"అలవాటులో పోసుకున్నాను. ఏం చేయను?" అని అమ్మ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పింది. ఇంట్లో మాత్రం తెల్లవారుజామునే గోడవైపు తిరిగి మోకరించి ఏడ్చేది. అన్నం సయించేది కాదు. పాపినని, క్షమించమని రోజూ అదే ప్రార్థన. దేవుడు క్షమించాడన్న నెమ్మది మాత్రం ఆమె ముఖంలో ఒక్కనాడూ కనిపించలేదు. నాకు జాలి కన్నా విసుగు ఎక్కువ.

ఒకరోజు ఉండబట్టలేక, "ఆవిడ దగ్గరకు వెళ్ళి చెప్పరాదా అమ్మా?" అన్నాను.

"దేవుడి దగ్గర ఒప్పుకున్నానుగా."

"మరి ఆవిడ దగ్గర?"

"నాలుగు పుస్తకాలు చదివావని నాకే బుద్ధులు చెబుతున్నావా? అంత తెలిసినదానివి, నువ్వే వెళ్ళి చెప్పు."

నేను వెళ్ళలేదు. కొత్తవాళ్ళ ముందు నోరు పెగలని పిల్లను. రోజూ రాసుకునే పుస్తకంలో అమ్మ మీద కోపమంతా రాశాను. రాసింది చదువుకుంటే నా మీదే ఇంకా కోపం వచ్చేది.

దొరగారి పడవ మళ్ళీ వస్తోందని కబురు వచ్చింది. బల్లకు వచ్చేవాళ్ళు ముందురోజే, ఊళ్ళో గుడి చూసుకునే ఉపదేశిగారికి చెప్పుకోవాలి. అమ్మ వెంట నేనూ వెళ్ళాను. ఆయనైనా ఆ సంగతి అడుగుతారని ఆశపడ్డాను. అమ్మ ఆయనకూ అలవాటనే చెప్పింది.

"మీరు పెద్దవారండి. అలవాటు పొరపాటు. దేవుడు ఎప్పుడో క్షమించేశాడండి," అన్నారాయన.

అంత తేలిగ్గా తోసేసేసరికి నాకు ఒళ్ళు మండింది. "ఆవిడ క్షమించలేదు కదండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కాలువ గట్టు మీద అమ్మ తిట్టిపోసింది. నలుగురిలో పరువు తీశానంది. లాకుల దగ్గరకు వచ్చేసరికి తిట్లు ఆగిపోయాయి. ఇంటి దారి వదిలి ఆ వాడవైపు గట్టు దిగింది.

ఆవిడ అరుగు మీద తాటాకు చాప అల్లుతోంది. "దారి తప్పారా ఏంటండి?" అంది, తల ఎత్తకుండా.

"అక్కా," అంది అమ్మ.

"ఓహో! అక్కనయ్యానా ఇప్పుడు?"

"అలవాటని ఊరంతా చెప్పాను. అలవాటు కాదు. నీ నోరు తగిలిందనే ఎత్తి పోసుకున్నాను."

అల్లుతున్న చేతులు ఆగాయి. "అది నాకు ఆరోజే తెలుసండి. మీకు తెలియడానికే ఇన్నాళ్ళు పట్టింది."

అమ్మ నేల మీద కూలబడి, "నన్ను క్షమించు," అంది.

"మా వాళ్ళు నవ్వారండి, అక్కడా ఇదే బతుకా అని. ఇప్పుడు క్షమించమంటే చేత్తో తీసిచ్చేదా అది?"

 ఆవిడ చాపలో ఇంకో ఆకు దూర్చింది. "రేపొస్తాను. ముందు మీరు తాగండి. మీ ఎంగిలి నేను తాగాలో వద్దో అక్కడే చూసుకుంటాను."

మరునాడు వచ్చింది. అమ్మ తరువాత మోకరించింది. అమ్మ గిన్నె అంచుకు పెదవులు ఆనించి తాగింది. గిన్నె ఆవిడ చేతికి వచ్చింది. ఆవిడ అందులోకి చూసింది, అమ్మవైపు చూసింది. దొరగారు ఏమీ అర్థంకాక చెయ్యి చాచి నిలబడ్డారు. వెనక చాప మీద నేను మెడ సాచి చూస్తున్నాను. అప్పుడు తాగింది ఆవిడ. ఒక్క గుక్కతో ఆగక, ఎంతకూ వదలకపోతే దొరగారే మెల్లగా గిన్నె లాక్కోవలసి వచ్చింది.

తల వంచుకున్న అమ్మ భుజాలు కదులుతున్నాయి. మళ్ళీ ఏడుపేనా అని విసుగ్గా తొంగిచూశాను. అమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ పక్కనుంచి మోచేత్తో పొడుస్తూ, "ఊరుకోండి, దొరగారు చూస్తున్నారు," అంటోంది.