రెండు వాగుల ఇంటిపేరు

పెళ్లయ్యాక నా ఇంటిపేరు మారలేదు. ఆధార్ కార్డులో మా ఆయన పేరు చేర్పించుకోవడానికి వెళ్లినప్పుడు, కంప్యూటర్ ముందున్న అమ్మాయి రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసి, "మేడం, మీది మేనరికమా?" అని అడిగింది. మేనరికమైనా ఇంటిపేరు ఒకటి కాదు కదా అని ఆమెకే తోచిందేమో, నాలుక కరుచుకుంది. నేను నవ్వి ఊరుకున్నాను. వెనక వరుసలో జనం నిలబడి ఉండగా చెప్పే సంగతి కాదది.

మా ఇంటిపేరు వాగవతలి. చిన్నకోడూరు దగ్గర పల్లె మాది. బడిలో హాజరు పిలిచేటప్పుడు మా సారు ఆ పేరు దగ్గర ఆగి, "ఏ వాగు అవతల బిడ్డా?" అని అడిగేవాడు. పిల్లలంతా నవ్వేవాళ్లు. ఇంటికొచ్చి బాపును అడిగితే, "ఏదో ఒక వాగు అవతల. నీకెందుకు, సదువుకో" అనేవాడు. మా పొలాలకు ఉత్తరాన ఒక వాగు ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. దాని అవతలి నుంచి ఎవరో ఎప్పుడో వచ్చి ఉంటారని నాకు నేనే అనుకుని ఊరుకున్నాను.

సిద్దిపేటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్న రోజుల్లో నాకు సంబంధం వచ్చింది. తెచ్చింది అమ్మకు వరుసకు తమ్ముడయ్యే ఒకాయన. "కరెంటోళ్ల పిలగాడు అక్కా. అక్కన్నపేట దిక్కు. సిద్దిపేటల మోటర్ వైండింగ్ శాపు పెట్టుకున్నడు. తాగుడు లేదు, తిరుగుడు లేదు" అన్నాడు. ఆ ఊరికి మొదటిసారి కరెంటు వచ్చినప్పుడు పిల్లవాడి తండ్రి స్తంభాలు పాతే పనికి పోయాడట. అప్పటినుంచి వాళ్లు ఊళ్లో కరెంటోళ్లే. అసలు ఇంటిపేరుతో పిలిచేవాళ్లు లేరు. మధ్యవర్తి అడగలేదు. ఆయన అడిగే ఉంటాడని మేమూ అడగలేదు.

ఒక ఆదివారం పిల్లవాడు తల్లిదండ్రులతో వచ్చాడు. నేను టీ ఇచ్చి కూర్చున్నాను. ఆయన నా వంక ఒకసారి చూసి, తర్వాత పైకి, మా ఫ్యాను వంక చూడటం మొదలుపెట్టాడు. అది ఎప్పటినుంచో గుర్రుమని మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతుంది. "కండెన్సర్ పోయినట్టున్నది" అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడలేదు. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయనా నవ్వాడు. నాకు నచ్చాడని ఆ నవ్వులోనే తెలిసిపోయింది.

మాతోపాటు మా మేనత్త కూడా ఉంది. బాపుకు అక్క. భర్త పోయాక మా ఇంట్లోనే ఉంటోంది. మాటలన్నీ అయ్యాక ఆమె పిల్లవాడి తండ్రిని అడిగింది.

"అన్ని మంచిగనే ఉన్నయి తమ్మీ. ఇంతకు మీ ఇంటిపేరు ఏంది?"

"వాగవతలి" అన్నాడాయన.

అమ్మ చేతిలో బిస్కెట్ల పళ్లెం అట్లాగే ఆగిపోయింది. బాపు, "మా ఇంటిపేరు గూడ గదే" అన్నాడు.

ఇంకెవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. మా కులంలో ఇంటిపేరు ఒకటైతే పాలోళ్లు, అంటే ఒకే తాత సంతానం. ఆ లెక్కన పిల్లవాడు నాకు అన్న అవుతాడు. ఆయన తండ్రి సగం తాగిన టీ కింద పెట్టాడు. మధ్యవర్తి చెప్పులు వెతుక్కుంటూ వాకిట్లోకి నడిచాడు. పిల్లవాడి తల్లి లేచి నా చెయ్యి పట్టుకుని, "మా నసీబుల లేదు బిడ్డా" అంది.

అందరూ గుమ్మం దాకా వెళ్లాక పిల్లవాడు మాత్రం ఆగాడు. "కండెన్సర్ నా బండ్లనే ఉన్నది. జెర్రసేపు పని" అన్నాడు. ఆయన బండి డిక్కీలోంచి సామాను తెచ్చి, స్టూలెక్కి, ఫ్యాను విప్పి బాగుచేశాడు. మేమంతా చుట్టూ నిలబడి తలలెత్తి చూస్తున్నాం. స్విచ్ వేస్తే చప్పుడు లేకుండా తిరిగింది. చేతులు తుడుచుకుని, బాపుకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం, చూసి ఒక పూట కూడా కాని మనిషి కోసం బాధపడటమేమిటని నన్ను నేనే తిట్టుకుంటూ పరీక్ష పేపర్లు దిద్దుకున్నాను. అన్నం దగ్గర మేనత్తే మొదలుపెట్టింది.

"తమ్మీ, పాలోళ్లయితే సావుకు మైల పట్టాలె గదా. మన నాయిన పోయిననాడు అక్కన్నపేట దిక్కు కబురు పోయిందా? ఆళ్ల ఇంట్ల ఎవలన్న పోతే మనం ఎన్నడన్న తానం చేసినమా?"

"తెల్వక చెయ్యలేదేమో అక్కా. తెగిపోయిన చుట్టరికాలు ఎన్ని లేవు?" అన్నాడు బాపు.

"అయితే తెలుసుకుందాం. గా ఇంట్ల పెద్దమనిషి ఉన్నదన్నరు గదా, పిలగాని నాయనమ్మ. నేను పోయి అడిగొస్త. బిడ్డ బండి మీద తీస్కపోతది."

అమ్మ ఉలిక్కిపడింది. "పిల్లను చూసి పోయినోళ్ల ఇంటికి పిల్లే పోవుడేంది వదినె! నలుగురు ఏమంటరు?"

"ఇంటిపేరు ఒక్కటయితే గాడు దానికి అన్న. అన్న ఇంటికి చెల్లె పోతె తప్పేంది? ఒక్కటి కాకపోతే అది దాని అత్తగారిల్లు. ఎట్ల చూసినా దాని ఇల్లే" అంది మేనత్త.

అమ్మ సణుగుతూనే ఒప్పుకుంది. బాపు మాత్రం ముందుగా వాళ్లకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

బడికి సెలవున్న రోజు స్కూటీ మీద బయల్దేరాం. హుస్నాబాద్ దాటేసరికి మేనత్తకు నడుము పట్టేసింది. ఒక హోటల్ దగ్గర ఆపి టీ తాగించాను. రోడ్డుకు రెండు వైపులా పత్తి విచ్చుకుని ఉంది. నాకు సిగ్గుగానూ ఉంది, లోపల ఎక్కడో ఆశగానూ ఉంది. పిల్లవాడు ఆ వేళప్పుడు సిద్దిపేటలో తన శాపులో ఉంటాడని తెలుసు కాబట్టి ధైర్యంగానే నడిపాను.

నాయనమ్మ వాకిట్లో నులక మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. చూపు మందగించినా గొంతు గట్టిది. మేనత్త మంచం పక్కన పీట వేసుకుని, తనూ గింజలు తీస్తూ అడిగింది.

"అవ్వా, మీకు గీ ఇంటిపేరు ఎట్లొచ్చింది?"

"మా మామ చెప్పంగ విన్న బిడ్డా. ఆయన తాత గీ ఊరికి ఇల్లరికం వచ్చిండట. ఈడ పిల్లకు అన్నదమ్ములు లేరు. మంచి ఎండకాలం. గా తూర్పు దిక్కు వాగుల సుక్క నీళ్లు లేవు. బండి కట్టుకొని వస్తుంటే గీరెలు ఇసుకల దిగబడ్డయి. దిగి నూకుకుంట వచ్చిండట, పెండ్లి బట్టలతోని. ఊరోళ్లు వాగవతలి అల్లుడు, వాగవతలి అల్లుడు అన్నరు. పిల్లలు పుట్టినంక అల్లుడు పోయింది, వాగవతలి మిగిలింది."

"అంతకు ముందు ఏం పేరు?"

"పందిరోళ్లు. పెత్రమాసనాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు ఇప్పటికీ గా పేరే తలుస్తం."

మేనత్త చేతులు ఆగాయి. మాకు అంతకుముందు ఏ పేరుండేదో ఆమెకు తెలియదు. మమ్మల్ని కూడా వాగు దాటి వచ్చాకే ఊరు వాగు అవతలివాళ్లని పిలిచింది. ఆమె ముఖం చూస్తే నాకు అర్థమైంది, వచ్చిన పని కాలేదని.

ఈలోగా పిల్లవాడి తల్లి అన్నానికి లేపింది. వద్దన్నా వినలేదు. పప్పు, ఒక కూర, మామిడికాయ తొక్కు వడ్డించింది. మేనత్త కలపబోయి, కూర వంక చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. నేనూ చూశాను. ఆనిగెపుకాయ కూర. సొరకాయను మేము అట్లాగే అంటాం.

మా ఇంట్లో అది వండరు. కొనరు, పెంచరు. చిన్నప్పుడు నేను హాస్టల్లో తిన్నానని తెలిస్తే అమ్మ కంగారుపడింది. అది మన ఇంటికి అచ్చిరాదని మాత్రం చెప్పేవాళ్లు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు.

"కారం ఎక్కువైందా వదినె?" అంది పిల్లవాడి తల్లి.

"మీరు గిది తింటరా?" అని అడిగింది మేనత్త.

"ఎందుకు తినం? దొడ్లె కాసిందే."

"ఎప్పటిసంది?"

నాయనమ్మ మంచం మీంచే చెప్పింది. "నేను కోడలుగ వచ్చిననాటి సంది వండుతున్న. మా మామకు ఇదంటే పానం. ఆయన అవ్వ గూడ వండేదట. ఏంది బిడ్డా, ఏమైంది?"

మేనత్త పకపకా నవ్వింది. కంచం పక్కకు జరిపి చెప్పడం మొదలుపెట్టింది. నేను కూడా మొదటిసారి వినడం అప్పుడే.

మావాళ్లు వచ్చింది వానాకాలంలో. తినడానికి లేక ఊరు విడిచి, భార్యాభర్తలు చంటిపిల్లతో ఉత్తరపు వాగు దగ్గరికి వచ్చేసరికి వాగు నిండుగా పారుతోంది. వెనక్కి పోవడానికి మనసొప్పలేదు. ఎండిన సొరబుర్రలు చంకల కింద కట్టుకుని, పిల్లను నెత్తి మీద బుట్టలో పెట్టుకుని నీళ్లలో దిగారు. ఒడ్డుకు చేరాక ఆ తల్లి బుర్రలకు పసుపు రాసి మొక్కింది. ఇక మా ఇంట్లో దాన్ని కొయ్యం, తినం అని మాట ఇచ్చింది. తడిసిన బట్టలతో ఊళ్లోకి వచ్చిన వాళ్లను చూసి జనం, వాగవతలోళ్లు వచ్చిన్రు అన్నారు.

"పేరు పుట్టిందీ గా నాడే, మొక్కు పుట్టిందీ గా నాడే" అంది మేనత్త. "ఒక్క ఇంటోళ్లమయితే పేరు మీకు వచ్చి, మొక్కు రాకుంట ఎట్లుంటది? మావోళ్లల్ల ఎవ్వలు గూడ గిది ముట్టరు. నేను పెండ్లయి పోయిన ఇంట్ల వండి పెట్టిన గని నోట్లె పెట్టలే."

నాయనమ్మ చింతగింజ ఒకటి పక్కకు వేసి, "అయితే మీరు వానకాలం వాగవతలోళ్లు. మేం ఎండకాలం వాగవతలోళ్లం" అంది. ఆ మాటకు అందరం నవ్వాం. పిల్లవాడి తల్లి గబగబా లోపలికి వెళ్లి మేనత్త కోసం కోడిగుడ్డు వేసుకొచ్చింది. నా కంచంలో కొంచెం ఎక్కువ నెయ్యి పడింది.

తర్వాత రెండు వైపుల పెద్దలూ మా ఇంట్లో కూర్చున్నారు. అన్నీ విన్నాక మా పాలోళ్లలో ఒక ముసలాయన, "వాగు దాటకముందు మన పేరేందో తెల్వదు గదా, మనం గూడ పందిరోళ్లమే అయితే?" అని సందేహం లేవదీశాడు. మేనత్త తలుపు దగ్గర నిలబడే జవాబిచ్చింది. "అంత ఎనకకు పోతే ఊరంత అన్నదమ్ములే అయితరు చిన్నాయినా. ఇగ ఎవ్వలకు పెండ్లిళ్లు గావు." ఆయన మీసం దువ్వుకుని సరేనన్నాడు.

పెళ్లిపత్రిక అచ్చుకు ఇస్తే ప్రెస్సాయన ఫోన్ చేశాడు. "అన్నా, పిలగాని ఇంటిపేరు తాన పిల్ల ఇంటిపేరు పడ్డట్టున్నది." బాపు తప్పు కాదని చెప్పి పెట్టేశాడు. ఆయనకు నమ్మకం కుదరక మా ఆయనకు కూడా ఫోన్ చేశాడట.

ఇప్పుడు సిద్దిపేటలో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. ఎండాకాలం మోటర్లు ఎక్కువగా కాలిపోతాయి, మా ఆయన ఇంటికొచ్చేసరికి ఆలస్యమవుతుంది. మా పాపకు ఆనిగెపుకాయ ఇష్టం. నేను వండి తండ్రీబిడ్డలిద్దరికీ వడ్డిస్తాను. నాకు తినాలనిపించదు. తప్పని కాదు, ఎప్పుడో నీళ్లలో దిగిన ఆ ఆడమనిషి గుర్తుకొస్తుంది, చెయ్యి దానంతటదే ఆగుతుంది. "మనసైతే నువ్వు గూడ తిను. నాకు పేరు మారింది గని నోరు మారలే. నీకు పేరు గూడ మారలే, నీ ఇష్టం బిడ్డా" అంటుంది మేనత్త.

నేను అనుకోనిది ఒకటుంది. మేనత్తకూ నాయనమ్మకూ మంచి స్నేహం కుదిరింది. మధ్యాహ్నం ఫోన్లో మాట్లాడుకోకపోతే ఇద్దరికీ పొద్దుపోదు. కోళ్ల గురించి, మోకాళ్ల నొప్పుల మందుల గురించి, ఎవరి కోడలు ఎట్లాంటిదో దాని గురించి. పోయిన వానాకాలం మేనత్త ఏకంగా అక్కడికే వెళ్లి ఉంది. పాపను తీసుకుని మేము వెళ్లేసరికి ముసురు పట్టి ఉంది. చూరు కింద ఇద్దరూ కుంపటి పెట్టుకుని మక్క కంకులు కాలుస్తున్నారు. ఒకరి పొరపాట్లు ఒకరు దిద్దుతున్నారు. "తిప్పు, మాడుతున్నది" అని నాయనమ్మ, "నాకు తెల్వదా" అని మేనత్త. మమ్మల్ని చూసి ఇద్దరూ చెరొక కంకి నా వైపు చాచారు. నేను రెండూ తీసుకుని, పెద్దది పాపకిచ్చి, వాళ్ల మధ్యలో జాగ చేసుకుని కూర్చున్నాను.